స్థానిక కంటైనర్ క్లస్టర్: పర్యవేక్షణ, వైఫల్య పరీక్ష - పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంత నేపథ్యం

ప్రవేశిక

సంగారెడ్డి జిల్లా పాశమైలారం పారిశ్రామికవాడలోని ఒక ఔషధ పరిశ్రమలో 2025 జూన్ 30న సంభవించిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు మరణించారు. ఇటువంటి ప్రమాదం జరిగినప్పుడు మొదట తలెత్తే ప్రశ్న: ఆ షిఫ్టులో లోపల ఎవరెవరు ఉన్నారు? హాజరుపట్టీ కంప్యూటర్‌లో ఉన్నప్పుడు, ఆ కంప్యూటర్ నిలిచిపోయినా పట్టీ అందుబాటులో ఉండాలి. ఈ అవసరాన్ని దృష్టిలో ఉంచుకొని కంటైనర్ క్లస్టర్‌ను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

నిర్మాణం

ఒక ప్రోగ్రామును దానికి కావలసిన సామగ్రితో కలిపి కట్టిన మూటే కంటైనర్. అనేక కంప్యూటర్లపై ఈ మూటలను నడిపించే వ్యవస్థ కుబెర్నెటీస్. దీనిని గూగుల్ 2014లో వెలువరించింది. ఈ గ్రీకు పదానికి ఓడ నడిపేవాడని అర్థం. మన ‘కర్ణధారుడు’ దీనికి సరితూగుతుంది. ‘కైండ్’ అనే ఉపకరణంతో ఒకే కంప్యూటర్‌పై ఒక నియంత్రణ నోడ్, రెండు పని నోడ్లు గల నమూనాను నిర్మించవచ్చు. హాజరు సేవకు ఎన్ని ప్రతులు నడవాలో నిర్దేశిస్తే, కర్ణధారుడు ఆ సంఖ్యను కాపాడుతాడు.

పర్యవేక్షణ

ప్రొమీథియస్ నిర్ణీత వ్యవధుల్లో కొలతలను సేకరిస్తుంది. గ్రఫానా వాటిని రేఖాచిత్రాలుగా చూపుతుంది. ఏ ప్రతి ఎప్పుడు ఆగిందో, సేవ ఎంతసేపు అందలేదో వీటి ద్వారా తెలుస్తుంది.

వైఫల్య పరీక్ష

కర్మాగారాల్లో మాక్ డ్రిల్ వంటిదే ఇది. దీనిని మూడు దశల్లో జరపాలి.

మొదట ఒక ప్రతిని తొలగించాలి. సాధారణంగా క్షణాల్లో కొత్త ప్రతి మొదలవుతుంది. అయితే కంటైనర్ లోపలే నమోదైన హాజరు పాత ప్రతితోపాటే పోతుంది. కనుక వివరాలను విడిగా శాశ్వత నిల్వలో ఉంచాలి.

తరువాత ఒక పని నోడ్‌ను ఆపాలి. అది ఆగిందని గుర్తించడానికి సుమారు ఒక నిమిషం పడుతుంది. అందులోని పనిని మరో నోడ్‌కు మార్చడానికి, అమరికలను సవరించకపోతే, మరో 5 నిమిషాలు పడుతుంది. సేవకు ఒకే ప్రతి ఉంటే ఆ వ్యవధి అంతా పట్టీ అందదు. ప్రమాద సమయంలో ఇది చిన్న జాప్యం కాదు. రెండు నోడ్లలోనూ ప్రతులు ఉంటే మిగిలినది పని కొనసాగిస్తుంది.

చివరగా ఆ కంప్యూటర్‌నే ఆపాలి. మూడు నోడ్లూ, వాటిని కొలిచే ప్రొమీథియస్ కూడా ఒకేసారి మూగబోతాయి. నోడ్లు మూడైనా వాటికి ఆధారం ఒక్కటే.

ముగింపు

స్థానిక క్లస్టర్ అభ్యాసానికి ఉపకరిస్తుంది. రక్షణకు అది చాలదు. పట్టీ నకలు, పర్యవేక్షణ రెండూ కర్మాగార ప్రాంగణానికి వెలుపల ఉండాలి. ఒప్పంద కార్మికులతో సహా అందరి పేర్లూ అందులో ఉండాలి. ప్రాంగణమంతటా విద్యుత్తు ఆపినప్పుడు కూడా, గేటు బయట నిలిచిన అధికారి ఫోనులో ఆ షిఫ్టు పేర్లన్నీ కనిపించిననాడే ఈ పరీక్ష నెగ్గినట్లు భావించాలి.