పెద్ద పంపును కాచు చిన్న పంపు

డీజిలు ఇంజనుకు నిప్పురవ్వతో పని లేదు. పెట్రోలు ఇంజనులో ప్లగ్గు చిమ్మిన రవ్వ వలన మంట పుట్టును. డీజిలు ఇంజనులోనో, సిలిండరులోనికి వచ్చిన గాలిని దాని మొదటి పరిమాణములో సుమారు పదునారవ పాలునకు అదిమివేయుదురు. అట్లు అదిమినప్పుడు గాలి మిక్కిలి వేడెక్కును. ఆ గాలిలోనికి ఇంధనమును సన్నని తుంపరగా చిమ్మినచో, అది తనంత తానే అంటుకొనును. రుడాల్ఫ్ డీజిలను జర్మను ఇంజనీరు 1897 లో ఆగ్స్‌బర్గు నగరమున నడిపి చూపిన యంత్రమునకు మూలమైన సూత్రమిదియే.

అయితే అదిమిపెట్టిన గాలిలోనికి ఇంధనము చొచ్చుకొని పోవలెనన్న దానికి గొప్ప ఒత్తిడి కావలెను. చదరపుటంగుళమునకు వేలకొలది పౌనుల ఒత్తిడిని కల్పించి, ఏ క్షణమున ఏ సిలిండరునకు ఎంత ఇంధనము పోవలెనో కొలిచి పంపునది ఇంజెక్షను పంపు. బండిలో అత్యంత సూక్ష్మముగా చెక్కిన భాగములు ఇందులోనే కలవు. వెలయు అందుకు తగినట్లే యుండును. కాని ఇంతటి పంపు ఎక్కడో దూరముగా నున్న ట్యాంకు నుండి నూనెను తానే లాగుకొను పనిలో అంత నేర్పరి కాదు. దాని నోటికి ఇంధనమును అందించుటకు మరియొక చిన్న పంపు వలయును. దీనినే మన లారీవారు ఫీడు పంపు అందురు; లిఫ్టు పంపు అనునదియు దీనికే పేరు. ఈనాటి మన ప్రసంగము ఈ చిన్న పంపును గూర్చి.

మన రోడ్ల మీద చిరకాలము తిరిగిన లారీలలో ఇంజెక్షను పంపు వరుస పంపు. ఆరు సిలిండరులకు ఆరు చిన్న పంపులు ఒకే పెట్టెలో వరుసగా నిలిచియుండును. 1951 లో స్థాపితమైన మైకో కంపెనీ బెంగుళూరున ఇట్టి పంపులను తయారుచేసినది. ఆ పెట్టె ప్రక్కనే ఫీడు పంపును, దాని నెత్తిన చేతితో కొట్టు ప్రైమరును ఉండును. ఇంధనము అయిపోయి బండి ఆగినప్పుడు డ్రైవరు ట్యాంకు నింపి, ప్రైమరు కొట్టి, గొట్టములలోని గాలిని తీసివేసి మరల ఇంజనును నడుపుట మనము చూచినదే. ఆ వరుస పంపులో తిరుగు ఇరుసునకు కందెన నూనె వేరుగా అందుచుండును. కావున ఫీడు పంపు బలహీనపడినచో బండి లాగదు, ఆగిపోవును. కాని పెద్ద పంపు వెంటనే పాడు కాదు.

అన్ని పంపులు ఇట్టివి కావు. కొన్నిటిలో ఇంధనమే కందెన, ఇంధనమే చల్లదనము. ఇచట చిన్న పంపు లోపము పెద్ద పంపునకు ప్రాణాంతకమగును. దీనికి పేరుపొందిన ఉదాహరణము అమెరికాలో కలదు. అచటి రైతులు, వడ్రంగులు, బరువైన ట్రెయిలరులు లాగువారు విరివిగా వాడు డాడ్జి రామ్ ట్రక్కులలో కమిన్సు వారి 5.9 లీటరుల ఆరు సిలిండరుల ఇంజనును అమర్చిరి. ఈ ఇంజను జాతి మనకును కొత్తది కాదు. 1993 లో ఏర్పడిన టాటా కమిన్సు సంస్థ జంషెడ్‌పూరులో దీనిని తయారుచేయగా మన లారీలును దీనితో నడిచినవి. 1998 వరకు వచ్చిన డాడ్జి బండ్లలో లిఫ్టు పంపును ఇంజను లోని క్యాము ఇరుసే నడిపెడిది. 1998 నడుమ నుండి 2002 నాటి బండ్ల వరకు ఆ పద్ధతి మారినది. బాష్ వారి వి.పి. 44 అను ఎలక్ట్రానిక్ రోటరీ పంపు వచ్చినది. దానికి ఇంధనమందించుటకు ఇంజను ప్రక్కన ఒక చిన్న విద్యుత్ పంపును బిగించిరి.

వి.పి. 44 పంపు తనలోనికి వచ్చు ఇంధనమునంతను సిలిండరులకు పంపదు. అందు అధికభాగము దాని అంగములను తడిపి, వేడిని గ్రహించి, ఒక కవాటము ద్వారా ట్యాంకునకు తిరిగి పోవును. ఆ కవాటము తెరచుకొనుటకు చదరపుటంగుళమునకు సుమారు 14 పౌనుల ఒత్తిడి కావలెను. లిఫ్టు పంపు నీరసించి ఒత్తిడి పడిపోయినచో ఈ ప్రవాహము సన్నగిల్లును. అప్పటికిని సిలిండరులకు చాలినంత ఇంధనము పోవుచునే యుండును గనుక బండి నడచుచునే యుండును. ప్రమాదమంతయు ఇందే యున్నది. డ్రైవరునకు ఏ సూచనయు లేకుండ పెద్ద పంపు లోలోపల వేడెక్కి అరిగిపోవుచుండును. కొన్నాళ్లకు యాక్సిలరేటరు తొక్కినను బండి పలుకదు. ఇంజను కంప్యూటరులో పి 0216 అను లోపసంఖ్య కనబడును. అప్పటికి చేయి దాటినట్లే. బాగుచేసిన పెద్ద పంపు వెల వేయి డాలరులకు మించును. ఇరువది ఏండ్లు దాటిన బండిని నమ్ముకొని కూలికి తిరుగువానికి అది చిన్న మొత్తము కాదు.

ఆ చిన్న పంపు ఏల త్వరగా చెడుచుండెను? మన పల్లెల బావులను తలచుకొన్నచో కారణము సులభముగా బోధపడును. ఒడ్డున బిగించిన మోటారు పంపు నీటిని నిజముగా లాగదు. గొట్టములోని గాలిని తీసివేయగా, బావినీటిపై నున్న వాయుమండలపు ఒత్తిడి నీటిని పైకి నెట్టును. ఆ ఒత్తిడి చదరపుటంగుళమునకు 14.7 పౌనులు మాత్రమే. సిద్ధాంతము ప్రకారము అది 34 అడుగుల వరకు నీటిని ఎత్తగలదు; ఆచరణలో 25 అడుగులు దాటుట కష్టము. అందుచేతనే నీటిమట్టము దిగినకొలది మన రైతులు మోటారును బావిలోని గట్టు మీదికి దింపుకొనిరి. నెట్టుట పంపునకు తేలిక, లాగుట బరువు.

ట్రక్కులోనిదియు ఇదే కథ. ట్యాంకు వెనుక, పంపు ముందు. మధ్యనున్న గొట్టము సన్నము. పంపు ఆ దూరమంతయు ఇంధనమును లాగవలసి వచ్చెను. ఎచటనైన ఒక కీలు వదులైనచో నూనె బయటికి కారుటకు మారు గాలి లోనికి దూరును. నేల మీద చుక్క పడదు గనుక ఎవరికిని తెలియదు. పైగా ఇంజనుకే బిగించుట వలన వేడియు, కంపనమును పంపును బాధించెను. తరువాతి కాలమున కర్మాగారము వారే పంపును ట్యాంకులోనికి మార్చిరి.

ఇక తక్కువ ఖర్చుతో దీనిని చక్కదిద్దు విధమును చూతము. అన్నిటికంటె ముందు కొనవలసినది పంపు కాదు, ఒత్తిడిని చూపు గేజి. జ్వరము కొలువక మందు ఇచ్చుట ఎట్టిదో, ఒత్తిడి కొలువక పంపు మార్చుట అట్టిది. ఇంజను ఊరక తిరుగునప్పుడు 14, 15 పౌనులు ఉండుట మేలు. బరువుతో గట్టెక్కునప్పుడు సైతము 10 పౌనులకు దిగరాదు. గేజి కొరకు డీజిలు గొట్టమును డ్రైవరు కూర్చుండు చోటికి తేరాదు. అది పగిలినచో అగ్నిప్రమాదము. విద్యుత్తుతో పనిచేయు గేజిని వాడుట క్షేమము.

రెండవది, దాదాపు ఖర్చు లేని పని. ఫిల్టరు ఎన్నడు మార్చినది? ట్యాంకులోని జల్లెడ మూసికొనిపోయినదా? రబ్బరు గొట్టములు బీటలు వారినవా? తీగల కొనలు తుప్పుపట్టినవా? పంపు వద్దకు చాలినంత వోల్టేజి చేరుచున్నదా? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకక పూర్వమే కొత్త పంపు బిగించినచో, పాత రోగము కొత్త పంపును కూడ తినివేయును.

మూడవది, స్థానము. పంపును ఇంజను మీదినుండి తీసి, ట్యాంకు ప్రక్కనే ఛాసిస్ కమ్మీకి, వీలైనంత దిగువగా బిగించవలెను. పొగగొట్టమునకును, తిరుగు ఇరుసునకును దూరముగా నుంచవలెను. రాళ్లు తగులకుండ ఒక రేకు అడ్డు పెట్టుట మంచిది.

నాలుగవది, గొట్టపు లావు. సన్నని గొట్టములో నిదానముగా పారు ద్రవమునకు గల అడ్డంకి, గొట్టపు వ్యాసము పెరిగినకొలది నాలుగవ ఘాతములో తగ్గును. అనగా అంగుళములో మూడెనిమిదవ వంతు రంధ్రమునకు బదులు అర అంగుళపు రంధ్రము గల గొట్టము వేసినచో, అడ్డంకి మూడవ వంతునకు దిగును. రంధ్రములు చిన్నవగు బోలు బోల్టులను తీసివేసి వెడల్పు కీళ్లు వేయుటయు ఇట్టిదే. మంచి గొట్టమునకు అగు వ్యయము పంపు వెలలో స్వల్ప భాగము; ఫలితము మాత్రము గొప్పది. అయితే ఆ గొట్టము డీజిలును తట్టుకొనుటకై చేసినదే కావలెను.

అయిదవది, విద్యుత్తు. ఇంజను కంప్యూటరు నుండి వచ్చు సన్నని తీగ చిన్న పంపునకే ఏర్పడినది. పెద్ద పంపును దానికి తగిలించినచో కంప్యూటరే చెడవచ్చును. కావున ఒక రిలే పెట్టి, పాత తీగతో రిలేను మాత్రము కదపవలెను. పంపునకు కావలసిన విద్యుత్తును బ్యాటరీ నుండి ఫ్యూజు ద్వారా తేవలెను. ఇట్లు చేసినచో, ఇంజను ఆగినప్పుడు పంపును గూడ ఆపివేయు రక్షణ చెడదు. ప్రమాదము జరిగి గొట్టము తెగినప్పుడు ఆ రక్షణయే మంటను ఆపును. దానిని తప్పించి, పంపును నేరుగా స్విచ్చికి కలుపుట పొదుపు కాదు, సాహసము.

చౌకగా దొరకునని పెట్రోలు ఇంజెక్షను కార్ల పంపును తెచ్చి బిగించువారు కలరు. అవి 40 మొదలు 60 పౌనుల వరకు ఒత్తిడినిచ్చును. వి.పి. 44 పంపునకు కావలసినది మితమైన ఒత్తిడి, ధారాళమైన ప్రవాహము. ఆకలిగొన్నవానికి వడ్డించుట వేరు, గొంతులో కుక్కుట వేరు. అట్లే లిఫ్టు పంపు మార్చినంత మాత్రమున బండికి అదనపు బలము వచ్చునని తలపరాదు. అది బలమునిచ్చునది కాదు, ఉన్న బలమును కాపాడునది. నూనె నుండి గాలిని వేరుచేయు సాధనములతో కూడిన సంపూర్ణ పరికరములు బజారులో కలవు. మంచివే, కాని వెల కొన్ని వందల డాలరులు. డబ్బు చాలనివారు వానిని తరువాతికి ఉంచవచ్చును. గేజిని మాత్రము తరువాతికి ఉంచరాదు.

ఈ పాఠము అమెరికా బండ్లకే పరిమితము కాదు. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశమున అమలులోనికి వచ్చిన భారత్ స్టేజి 6 నియమములతో లారీలలో ఇంధన సరఫరా పద్ధతి సూక్ష్మతరమైనది. నేటి కామన్ రైలు పంపులలో పెక్కింటికి కందెన డీజిలే. డీజిలులో గంధకము పదిలక్షలకు 10 పాళ్లకు తగ్గినది. గంధకమును తొలగించు క్రియలో నూనె తన సహజమైన జారుడు గుణమును కోల్పోవును గనుక దానికి వేరు ద్రవ్యములను కలిపి ఇచ్చుచున్నారు. కావున ట్యాంకు పూర్తిగా అడుగంటువరకు నడుపుట, ఫిల్టరు మార్చిన పిదప గాలి తీయకయే స్టార్టరును పలుమారులు త్రిప్పుట, వెల తక్కువయని నాసిరకపు ఫిల్టరు వేయుట ఇప్పుడు మునుపటికంటె హెచ్చు నష్టమును తెచ్చును. లారీకైనను, ట్రాక్టరుకైనను, ఇంటి వెనుక జనరేటరుకైనను ఈ మాట వర్తించును.

బండి కొనునప్పుడు ఇంజను బలమును అడుగుదుము, టైరులను తట్టి చూతుము. ఇంధనము నడచు త్రోవను చూచువారు అరుదు. పెద్ద పంపు ఆయుస్సు ఆ త్రోవలోనే యున్నది.