డిచ్‌పల్లి చెప్పే జవాబు

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసేసరికి చాలా తెలుగు చర్చిల్లో పన్నెండు దాటిపోతుంది. అప్పుడు పళ్లెంలో, బైబిల్ వాక్యం రాసిన వాగ్దాన కార్డులు తెస్తారు. పరీక్షలు దగ్గరపడిన అమ్మాయి, గల్ఫ్ వీసా కోసం ఎదురుచూస్తున్న యువకుడు, బిడ్డకు సంబంధం కుదరక బెంగపడుతున్న తల్లి ఒక్కొక్కరే వచ్చి కార్డు తీసుకుని, లైటు కిందికి వెళ్లి వాక్యం చదువుకుంటారు. ఆ రెండు వరుసల్లో తన కోసమే ఏదో రాసి ఉందన్న ఆశ ప్రతి ముఖంలోనూ కనిపిస్తుంది.

నా బతుకు మీద దేవుని చిత్తం ఏమిటి? పాస్టర్లను యువత తరచూ అడిగే ప్రశ్న ఇది. కార్డు ధైర్యం ఇస్తుంది, కాదనలేం. కానీ ఏ చదువు చదవాలో, ఏ ఊళ్లో ఉండాలో, ఎవరికి సేవ చేయాలో కార్డు చెప్పదు.

బాసరలో సికింద్రాబాద్ వైపు రైలెక్కితే నిజామాబాద్ తర్వాత డిచ్‌పల్లి వస్తుంది. ఈ ప్రశ్నతో సతమతమయ్యేవాళ్లు తెలుసుకోవాల్సిన మనిషి ఒకరు అక్కడ పనిచేశారు. ఆమె పేరు ఇసబెల్ కెర్. స్కాట్లాండ్ రైతు కుటుంబంలో 1875లో పుట్టి, 1903లో అబర్డీన్‌లో వైద్యపట్టా పుచ్చుకున్నారు. భర్త రెవరెండ్ జార్జ్ కెర్‌తో కలిసి 1907లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు. వచ్చింది వెస్లియన్ మిషన్ పని మీద. తర్వాత నిజామాబాద్ ప్రాంతానికి మారాక అక్కడి కుష్ఠురోగుల దుస్థితి చూశారు. సొంతవాళ్లే గడప తొక్కనివ్వని ఆ మనుషులకు చుట్టుపక్కల వైద్యమంటూ లేదు. కెర్ దంపతులు వాళ్లకు చికిత్స మొదలుపెట్టారు.

ఆసుపత్రికి డబ్బు ఎక్కడిది? రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత ముందుకొచ్చారు. 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రి తెరుచుకుంది. కుష్ఠుకు మాత్రలు రాని కాలమది. చాల్‌మూగ్రా నూనెను సూదిమందుగా ఎక్కించేవారు. ఆ సూది నొప్పి భరించడం తేలిక కాదు, నెలల తరబడి పొడిపించుకోవాలి. అయినా రోగులు వచ్చారు. 1923లో దంపతులిద్దరికీ కైజర్-ఎ-హింద్ పతకం దక్కింది. ఇసబెల్ 1932లో కన్నుమూసేదాకా ఆ పని వదల్లేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అవసరం కళ్లముందుకు వచ్చింది, చేతిలో దానికి తగ్గ విద్య ఉంది, తమ సంఘంలో లేని మనిషి కూడా ఆ పనిని గుర్తించి చెయ్యి కలిపారు. పిలుపు అంటే చాలాసార్లు ఇలాగే, నడుస్తూ ఉండగా తెలుస్తుంది.

డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య సంగతీ అంతే. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు, వై.ఎం.సి.ఎ. కార్యదర్శి. 1902లో శ్రీలంకలోని జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు సువార్త పనికి తామే మనుషుల్ని పంపడం చూసి, మనవాళ్లు ఎందుకు చేయరన్న ఆలోచనలో పడ్డారు. మరుసటి ఏడాదే స్వదేశీ ధనంతో, స్వదేశీ మనుషులతో నడిచే మిషనరీ సంఘం పుట్టింది. 1909లో తానే డోర్నకల్ వచ్చారు, ముప్పై అయిదేళ్ల వయసులో. భాష రాదు, తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. చూసినదానికీ వెళ్లినదానికీ మధ్య ఏడేళ్లు గడిచాయి. తొందరపడేవాళ్లు ఈ ఏడేళ్లను మనసులో పెట్టుకోవాలి.

దేవుని చిత్తం తెలుసుకోవడానికి గుర్తు అడిగిన గిద్యోనును చాలామంది ఆదర్శంగా చెబుతారు. కానీ బైబిల్లో ఆయన ఆ గుర్తు కోసం గొర్రెబొచ్చు పరిచింది పిలుపు అందాకే. చేయాల్సిన పని ఆయనకు ముందే తెలుసు. పదహారో శతాబ్దపు ఇగ్నేషియస్ లొయోలా మరో దారి నేర్పారు: ఒక నిర్ణయం తలచుకున్నప్పుడు మనసులో నెమ్మది నిలుస్తోందా, ఎండిపోతోందా అని కొంతకాలం పాటు గమనించుకోవడం. కాథలిక్కుల్లో చాలామంది నేటికీ ఈ సాధన చేస్తారు.

కాబట్టి ఉపవాస ప్రార్థనలో కూర్చున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక విన్నపం. ప్రార్థన ఆపకండి. దానితోపాటు మీ ఊళ్లో ఎవరికీ పట్టని ఒక అవసరాన్ని ఎంచుకుని ఏడాది పాటు చేసి చూడండి. మీలో ఏ వరం ఉందో మిమ్మల్ని ఎరిగిన పెద్దల్ని అడగండి. డబ్బు తీసుకుని భవిష్యత్తు చెప్పే ప్రవచనాల జోలికి మాత్రం పోకండి.