ఇంజన్ గాలికి బదులు నీరు తాగితే

నీరు నిలిచిన రోడ్డు దాటుతుండగా కారు ఆగిపోతే చాలామంది వెంటనే మళ్లీ తాళం తిప్పుతారు. చిన్న ఇబ్బంది పెద్ద ఖర్చుగా మారేది తరచూ అప్పుడే.

1.2 లీటర్ల, నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు 30 లీటర్ల దాకా గాలి పీల్చగలదు. సిలిండర్‌లో చేరిన గాలిని పిస్టన్ సుమారు పదో వంతుకు నొక్కుతుంది. అప్పుడు పైన మిగిలే చోటు 33 మిల్లీలీటర్లే, అంటే రెండు పెద్ద చెంచాలంత. గాలి అణుగుతుంది, నీరు అణగదు. అంతకు మించి నీరు చేరితే పిస్టన్ పైకి వెళ్లలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. దీన్నే హైడ్రోలాక్ అంటారు.

సాధారణంగా కంపెనీ అమర్చిన గాలి గొట్టం మూతి ఎత్తులో, ఫిల్టర్ మూసిన పెట్టెలో ఉంటాయి. చల్లగాలి కోసమని ఆ పెట్టె తీసేసి, బంపర్ వెనుక కిందుగా విడి ఫిల్టర్ బిగించుకున్నవారికే అసలు చిక్కు. కాస్త తుంపరతో ముప్పు లేదు, లోపలి వేడికి అది ఆవిరైపోతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలపు కొన్ని విమానాల ఇంజన్లలోకి నీటిని కావాలనే చిమ్మేవారు కూడా! చక్రం ఎగజిమ్మే నీటికి అడ్డంగా ఒక రేకు, ఫిల్టర్‌కు తడి అంటని గుడ్డ తొడుగు ఉంటే వానకు సరిపోతుంది. ప్లాస్టిక్ సంచి చుడితే గాలే ఆడదు. ఫిల్టర్ మునిగితే మాత్రం ఏ తొడుగూ పనిచేయదు. ఇంజన్ ఆ నీటినే లాగేస్తుంది.

అలా ఆగిన కారును తోసుకెళ్లి మెకానిక్‌కు చూపాలి. స్పార్క్ ప్లగ్గులు విప్పి ఇంజన్‌ను తిప్పితే లోపలి నీరు ఆ రంధ్రాల గుండా బయటికి వచ్చేస్తుంది.