మూలన పడ్డ చార్జింగ్ బండి



మా రాత్రి బడికి ఒక అక్క వస్తుంది. గూడెం కొత్తవీధికి దగ్గరలోనే ఆమె ఊరు. ఆమె కొడుకు చార్జింగ్ బండి కొన్నాడు. కొన్నాళ్లు నడిపాడు. తర్వాత పని కోసం విశాఖపట్నం వెళ్లిపోయాడు. బండి పశువుల సాలలో మూలన పడింది. పదకొండు నెలలు దాన్ని ఎవరూ ముట్టలేదు.

మిరియాలు ఎండాయి. సంతకి తీసుకుపోవాలి. అక్కకి బండి గుర్తొచ్చింది. తాళం తిప్పింది. దీపం వెలగలేదు. పాత ఇనుము కొనేవాడు వచ్చి చూశాడు. "ఇది చచ్చిపోయింది. కిలోల లెక్కన ఇచ్చెయ్యి" అన్నాడు.

"టీచరమ్మా! ఇది నిజంగా చచ్చిపోయిందా?" అని అక్క నన్ను అడిగింది. నాకూ తెలీదు. చింతపల్లి నుంచి ఒక మెకానిక్‌ని పిలిచాం. ఆయన దగ్గర కూర్చుని అన్నీ అడిగి తెలుసుకున్నాం. అవే మీకు చెబుతున్నాను.

బండి ఎందుకు ఆగిపోతుంది?

చార్జింగ్ బండిలో పెట్రోలు లేదు. ఇంజను లేదు. చాలా బండ్లలో చక్రంలోనే మోటారు ఉంటుంది. మోటారులో రాగి తీగ చుట్టలు, అయస్కాంతాలు ఉంటాయి. ఊరికే నిలబెట్టినంత మాత్రాన మోటారు తొందరగా పాడవదు. ముందు పాడయ్యేది బ్యాటరీ.

మన మండలంలోని సీలేరులో ఆనకట్ట ఉంది కదా. నీళ్లు నిలవ చేసి, వదిలి, కరెంటు తీస్తారు. బ్యాటరీ కూడా నిలవ చేసేదే. కానీ అది సన్న చిల్లు ఉన్న కుండ లాంటిది. వాడకపోయినా కొంచెం కొంచెం కారిపోతుంది. పూర్తిగా కారిపోయాక అలాగే వదిలేస్తే లోపలి సీసం పలకల మీద తెల్లటి పెచ్చు కడుతుంది. నెలల తరబడి అలా ఉంటే ఆ పెచ్చు గట్టిపడుతుంది. ఇక చార్జింగ్ ఎక్కదు.

ముందు కళ్లతో చూడండి

బండి దొరికిన వెంటనే చార్జరు పెట్టకండి. మన అక్క కూడా ముందు ఆ పనే చేయబోయింది. మెకానిక్ ఆపాడు.

బండిని ఎండ తగిలే చోటికి తోసుకురండి. పొడిగుడ్డతో దుమ్ము తుడవండి. తర్వాత ఇవి చూడండి:

ఎలుకలు వైర్లు కొరికాయా?
బ్యాటరీ ఉబ్బిందా? పగిలిందా? తడి కారిందా?
వైర్ల చివర పచ్చటి తుప్పు, తెల్లటి పొడి ఉన్నాయా?

బ్యాటరీ నుంచి కారిన తడి ఆమ్లం. చేత్తో ముట్టకూడదు. చర్మం కాలుతుంది. ఒంటికి తగిలితే వెంటనే ఎక్కువ నీళ్లతో కడగాలి.

ఇంకో మాట. బ్యాటరీ దగ్గర పని చేసేటప్పుడు ఉంగరాలు, లోహపు గాజులు తీసెయ్యండి. గాజు రెండు కొసలకీ తగిలితే నిప్పు రవ్వలు లేస్తాయి. చెయ్యి కాలుతుంది. పిల్లల్ని దూరంగా ఉంచండి.

చీటీ చదవండి

బ్యాటరీ మీద చీటీ ఉంటుంది. అక్క దాన్ని తుడిచి తానే చదివింది. "పన్నెండు" అంది. దాని పక్కన 'వి' అనే ఇంగ్లీషు అక్షరం ఉంది. అంటే 12 వోల్టులు. అలాంటివి నాలుగు ఉన్నాయి. నాలుగు పన్నెండ్లు నలభై ఎనిమిది. అది 48 వోల్టుల బండి.

చార్జరు మీద కూడా 48 ఉండాలి. అంతేకాదు. సీసం బ్యాటరీకి సీసం చార్జరే పెట్టాలి. లిథియం బ్యాటరీకి లిథియం చార్జరే పెట్టాలి. ప్లగ్గు సరిపోయింది కదా అని పక్కింటి చార్జరు పెట్టకండి.

మీటరు ఏం చెప్పింది?

మెకానిక్ ఒక్కో బ్యాటరీకీ మీటరు పెట్టాడు. నిండుగా ఉన్న మంచి బ్యాటరీ 12.7 దాకా చూపిస్తుంది. 12కి కొంచెం అటూ ఇటూ ఉంటే చార్జింగ్ పెట్టి చూడొచ్చు. నెలల తరబడి 10 కన్నా కింద పడి ఉంటే ఆశ తక్కువ.

మన అక్క బ్యాటరీలు 4, 6, 3, 9 చూపించాయి. అయినా మెకానిక్ ఆరుబయట, తన కళ్ల ముందే కాసేపు చార్జింగ్ పెట్టి చూశాడు. తీసిన కొద్దిసేపటికే అంకెలు మళ్లీ పడిపోయాయి. ఆ నాలుగూ పనికిరావు.

"మూత విప్పి నీళ్లు పోస్తే లేస్తుందంట కదా?" అని అక్క అడిగింది. ఇవి మూసేసిన బ్యాటరీలు. విప్పకూడదు, నీళ్లు పొయ్యకూడదు. "పోనీ ఒక్కటి మారిస్తే?" అంది. అదీ మంచిది కాదు. పాత వాటి మధ్య కొత్తది పెడితే కొత్తది కూడా తొందరగా పాడవుతుంది. మారిస్తే నాలుగూ మార్చాలి.

లిథియం బ్యాటరీ అయితే?

అప్పుడు ఇంకా జాగ్రత్త. ఉబ్బినా, తడిసినా, దెబ్బ తిన్నా, ఏదైనా వాసన వచ్చినా చార్జింగ్ పెట్టొద్దు. మరీ ఖాళీ అయి నెలల తరబడి పడి ఉన్నదాన్ని ఇంట్లో లేపడానికి చూడొద్దు. లోపల రాగి కరిగి, చార్జింగ్ పెట్టినప్పుడు నిప్పు పుట్టవచ్చు. ఆ బ్యాటరీ తెలిసిన మెకానిక్ దగ్గరికే వెళ్లాలి.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒక ఇంట్లో, అదే నెలలో విజయవాడలో ఇంకో ఇంట్లో బండి బ్యాటరీలు పేలాయి. రెండు చోట్లా బ్యాటరీ బండి నుంచి తీసి ఇంట్లో చార్జింగ్ పెట్టారు. నిజామాబాద్‌లో ఒక పెద్దాయన, విజయవాడలో ఒక ఇంటాయన చనిపోయారు. అవి మూలన పడ్డ బండ్లు కావు. వాడుకలో ఉన్నవే. కాబట్టి ఏ బండి అయినా సరే, పడుకునే గదిలో చార్జింగ్ పెట్టకండి. రాత్రంతా వదిలి నిద్రపోకండి. గడ్డి, కట్టెలు, గోనెసంచులు దగ్గర ఉంచకండి.

మిగతా బండి మాటేమిటి?

ఇప్పుడు అసలు సంగతి. మెకానిక్ బాగున్న బ్యాటరీలు తగిలించి చూశాడు. దీపం వెలిగింది! కానీ చక్రం తిరగలేదు. ఎందుకని? చార్జింగ్ బండిలో బ్రేకు పట్టుకుంటే మోటారుకి కరెంటు ఆగిపోతుంది. తుప్పు పట్టి బ్రేకు పిడి వెనక్కి రాలేదు. బండి "బ్రేకు వేశారు" అనుకుంటోంది. తుప్పు గీకి, నూనె చుక్క వేశాక చక్రం తిరిగింది. ఎలుక కొరికిన ఒక వైరు మార్చారు. టైర్లకి గాలి కొట్టారు.

మోటారు బాగానే ఉంది. బండి చచ్చిపోలేదు. బ్యాటరీలే చచ్చిపోయాయి. పాత ఇనుము వాడికి ఇచ్చి ఉంటే మంచి మోటారు కూడా కిలోల లెక్కన పోయేది.

అక్క మిరియాల డబ్బుతో కొత్త బ్యాటరీలు కొంది. పాతవి దుకాణంలో ఇచ్చి ధర తగ్గించుకుంది. పాత బ్యాటరీలో సీసం ఉంటుంది. దానికి విలువ ఉంది. కానీ ఇంటి దగ్గర పగలగొట్టకూడదు. సీసం విషం. పసిపిల్లల తెలివితేటల్ని దెబ్బ తీస్తుంది.

కరెంటు ఖర్చు లెక్క వేద్దాం

ఆ బ్యాటరీ మీద 20 అని ఇంకో అంకె ఉంది. 48ని 20తో హెచ్చిస్తే 960. వెయ్యి అయితే ఒక యూనిట్. నింపేటప్పుడు కొంత వృథా అవుతుంది. ఒకసారి నిండా చార్జింగ్ పెడితే మీటరులో సుమారు యూనిట్ పావు తిరుగుతుంది.

మన కొండ దారిలో

మొదటి రోజు ఒక్కరే, బరువు లేకుండా, చదును దారిలో నడపండి. రెండు బ్రేకులూ పడుతున్నాయో లేదో చూడండి. బ్రేకు పట్టని బండితో దిగుడు దిగకండి. ఎక్కుడులో చార్జింగ్ తొందరగా అయిపోతుంది. నిటారు చోట వెనక కూర్చున్నవాళ్లు దిగి నడవడం మంచిది.

గంటకి 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్లకి మించని మోటారు ఉన్న చిన్న బండికి లైసెన్సు అక్కర్లేదు. అంతకన్నా పెద్ద బండికి లైసెన్సు, నంబరు రెండూ కావాలి.

బండిని మళ్లీ మూలన పడేయాల్సి వస్తే? సీసం బ్యాటరీకి నెలకి ఒకసారి నిండా చార్జింగ్ పెట్టండి. లిథియం అయితే సగం నింపి ఉంచి, అప్పుడప్పుడూ చూడండి. వాన, తేమ తగలకుండా కాపాడండి.

ఇప్పుడు ఆ అక్క కూతురు బండి నడుపుతోంది. అక్క మిరియాల సంచి పట్టుకుని వెనక కూర్చుంటోంది. బడి గోడ మీద తేదీల కాగితం ఉంది. చార్జింగ్ పెట్టిన రోజు దాని మీద అక్క తన చేత్తో రాస్తోంది.

మాట్లాడుకోండి

మీ ఇంట్లో మూలన పడ్డ వస్తువు ఏముంది? అందులో నిజంగా పాడైంది ఏది?
దాని మీద ఏ అంకెలు ఉన్నాయి? చదివి పలక మీద రాయండి.