బిడ్డ యెవరి చెంత నుండవలెను?

రెంజల్, బోధన్ ప్రాంతములలో గట్టు తగవు వచ్చినచో పహాణీయు, సర్వే పటమును తెచ్చి చూపుట అందఱెఱిగినదే. బిడ్డను గూర్చి ఆలుమగలకు తగవు వచ్చినప్పుడును మనవారు ఆ తలంపుతోనే న్యాయస్థానము మెట్లెక్కుచున్నారు. పెద్దలయెదుట వ్రాయించుకొన్న ఒడంబడికయే తమకు పట్టాయని నమ్ముచున్నారు. బిడ్డ పొలము కాదను సంగతి ఉభయులును మఱచుచున్నారు.

ఈ విషయమున దేశమునకు పాఠము చెప్పినది ఒక తెలుగు కుటుంబపు వ్యాజ్యమే. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని, ఆయన తమ్ముడు నిత్యానందుని తండ్రి నారాయణయ్యగారు 1910 లో ఒక లేఖ మూలమున అనీబిసెంటమ్మగారి సంరక్షణమున నుంచిరి. పిమ్మట మనసు మారి 1912 లో దావా వేసిరి. ఆయన చేసిన ఘోరారోపణములు ఋజువు కాకున్నను, 1913 లో మద్రాసు హైకోర్టు బాలురను ఆయనకే అప్పగింపుమనెను. 1914 లో ప్రీవీ కౌన్సిలు ఆ తీర్పును కొట్టివేసెను. తండ్రి యిచ్చిన లేఖ ఆయన మరల రద్దుపఱచుకొనదగినదే. కాని బాలుర మేలును, వారి యిష్టమును విచారింపక వారిని చేతులు మార్చరాదని అందలి సారము.

నేటి శాసనమును ఈ దారినే నడచుచున్నది. అన్ని మతములవారికిని వర్తించు 1890 నాటి సంరక్షకుల చట్టము 17వ విభాగము బిడ్డ క్షేమమును ముందుంచి, తెలివి వచ్చిన బిడ్డ కోరికను గూడ న్యాయాధిపతి గమనింపవచ్చుననుచున్నది. 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము 14వ విభాగము మఱింత ముందుకు పోయినది. వివాద పరిష్కారమునకు తోడ్పడు ఏ పత్రమునైనను, ఏ వాఙ్మూలమునైనను, సాక్ష్య చట్టమున చెల్లకపోయినను, ఆ న్యాయస్థానము గ్రహింపవచ్చును. చాటుగా పట్టిన దంపతుల సంభాషణము వారి వ్యాజ్యములలో సాక్ష్యము కావచ్చునని 2025 జూలైలో సుప్రీంకోర్టు సయితము తీర్పు చెప్పెను.

తలుపు ఇంత వెడల్పుగా తెఱచినప్పుడు వెలుతురుతోపాటు దుమ్మును లోపలికి వచ్చును. గ్రహించుట వేఱు, నమ్ముట వేఱు. పొరుగువారి గుసగుసలు, బిడ్డకు నూరిపోసి పలికించిన మాటలు గ్రంథమున కెక్కవచ్చును. కావున మేము కోరునది మూడు సంగతులు. న్యాయాధిపతి బిడ్డతో ఏకాంతమున, తల్లిదండ్రులు లేనిచోట మాటాడవలెను. క్షేమ నిపుణులు సమర్పించు నివేదికల ప్రతులను ఉభయపక్షములకు నిచ్చి, జవాబు చెప్పుకొనుట కవకాశ మీయవలెను. ఋజువు కాని నిందను తీర్పునకు పునాది చేయరాదు.

కక్షిదారులకును ఒక మాట. గల్ఫు దేశములనుండి తండ్రి పంపిన సొమ్ము రసీదులు ఆయన బాధ్యతను చూపును. కాని జ్వరము వచ్చిననాడు ఆసుపత్రికి ఎత్తుకొనిపోయినదెవరు, బడికి పంపినదెవరు, పంతులు పిలిచిన వచ్చినదెవరు, అనునవియే బిడ్డ జీవితమును తెలుపు సాక్ష్యములు. బడి పట్టీయు, టీకాల పుస్తకమును పెద్దల పంచాయతీ కాగితముకంటె బరువైనవి. ఇట్టి ఉత్తరువు శాశ్వతము కాదు. పరిస్థితి మారినచో మార్చుకొనవచ్చును. ఎదుటివారిని చెఱుపుటకు సాక్ష్యము వెదకువారు తమ బిడ్డకు ఒక తల్లినో, ఒక తండ్రినో లేకుండ చేయుచున్నామని తెలిసికొందురు గాక.