ఖైరవాన్: నీరు లేని చోట వెలసిన నగరం

ట్యునీషియాకు ఉత్తర, తూర్పు దిశల మధ్యధరా సముద్రము, దక్షిణాన సహారా ఎడారి గలవు. విదేశీ యాత్రికులు అధికంగా సూస్, హమ్మామత్, జెర్బా సముద్రతీరాలకు వెళుతుంటారు. మరికొందరు కార్తేజ్ శిథిలాలను, అల్ జెమ్‌లోని రోమను రంగశాలను దర్శిస్తారు. అయితే ముస్లిం యాత్రికుడు ముఖ్యంగా చూడదగినది ఖైరవాన్ నగరం.

హిజ్రీ 50 (క్రీ.శ. 670)లో సేనాని ఉఖ్బా బిన్ నాఫె ఈ నగరానికి పునాది వేశారు. బైజాంటియన్ నౌకాదళపు దాడులకు అందకుండా సముద్రానికి దూరంగా మైదానంలో స్థలం ఎన్నుకున్నారు. రక్షణ లభించింది గాని నీటి సమస్య ఎదురైంది. ఆ సమస్యను పరిష్కరించిన తీరే ఈ నగరపు అసలు విశేషం.

ఉఖ్బా పేరుతో ప్రసిద్ధమైన జామె మస్జిద్ ప్రస్తుత రూపం చాలావరకు క్రీ.శ. 836 నాటి పునర్నిర్మాణం. దాని విశాల ప్రాంగణం లోపలి వైపుకు కొద్దిగా వాలి ఉంటుంది. వాననీరు అక్కడి పాలరాతి గుంటలోకి చేరుతుంది. మెట్లు మెట్లుగా చెక్కిన ఆ గుంటను కొందరు కేవలం అలంకారమని భావిస్తారు. వాస్తవానికి నీటిలోని మట్టి ఆ మెట్లపై ఆగిపోయి, తేటనీరు మాత్రమే భూగర్భ తొట్టిలోకి దిగుతుంది. పక్కనున్న బావుల పాలరాతి అంచులపై, శతాబ్దాల తరబడి చేదత్రాళ్లు ఒరిసిన గాళ్లు నేటికీ కానవస్తాయి.

నగరం వెలుపల, అగ్లబీ పాలకుడు అబూ ఇబ్రాహీం అహ్మద్ కాలంలో, 860-862 మధ్య జలాశయాలు నిర్మించబడ్డాయి. సుమారు 36 కిలోమీటర్ల దూరంలోని కొండల నుండి కాలువ ద్వారా నీరు తెచ్చారు. అది మొదట చిన్న కొలనులో నిలిచి, మట్టి పేరుకున్న పిదప, దాదాపు 128 మీటర్ల వ్యాసం గల పెద్ద కొలనులో చేరేది. మాలికీ ధర్మశాస్త్రానికి కేంద్రమై, ఇమాం సహ్నూన్ వంటి పండితులు బోధించిన నగరం ఈ నీటి ఏర్పాట్లపైనే ఆధారపడి జీవించింది.

1988లో యునెస్కో ఖైరవాన్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. కాని వరుస కరువుల వల్ల 2023లో ట్యునీషియా ప్రభుత్వం రాత్రివేళ మంచినీటి సరఫరా నిలిపివేయవలసి వచ్చింది. పూర్వులు వానచుక్కను సైతం వడగట్టి దాచుకున్న దేశంలోనే ఈ స్థితి!

మహాప్రవక్త (స) ఒక ముద్ద్, అనగా రెండు చేతులు కలిపిన ఒక దోసిలి నిండేంత నీటితో వుజూ ముగించేవారని ప్రామాణిక హదీసుల వల్ల తెలుస్తున్నది. ఖైరవాన్ నిర్మాతలు ఆ పొదుపును రాతిలో మలచారు. మన మస్జిదులలో వుజూ కొళాయిల క్రింద ప్రతి పూటా ఎంత నీరు వృథాగా పోతున్నదో గమనించినవారికి, అంత దూరం వెళ్లకుండానే ఆ నగరపు పాఠం అర్థమవుతుంది.