ఇంటిపేరును, రక్తసంబంధమును

గడచిన మాఘమాసమున మా వదినెగారు, అనగా మా వారి యక్కగారు, తమ కుమారునకు మా బావగారి యమ్మాయి నడుగుటకై మా యింటికి దయచేసిరి. మా బావగారి కుటుంబమును మేమును నొక యింటనే కాపురమున్నాము. పిల్లకు ఇరువదిరెండేండ్లు; బి.ఎడ్. పరీక్ష నిచ్చినది. "మేనత్త కొడుకు. ఇంటిపేరు వేరు, గోత్రము వేరు. ఇక నాలోచింపవలసిన దేమున్నది?" అని వదినెగారి మాట. ఆ మాట సబబుగనే తోచును. కాని రెండు నెలలకు ముందు ఓరుగల్లు వైపునుండి యొక మంచి సంబంధము రాగా, వారి యింటిపేరును మా యింటిపేరును నొకటే యగుటచే, "అన్నాచెల్లెండ్ర వరుస" యని గోత్రమైన నడుగక త్రోసిపుచ్చినదియు నీ వదినెగారే. ఆ కుటుంబముతో మాకు, మా పెద్ద లెరిగినంతవరకు, ఏ చుట్టరికమును లేదు. ఈ పిల్లవాడో, పిల్ల తండ్రికి స్వయముగ తోబుట్టువు బిడ్డ! ఎరుగనివారు సోదరులై, ఎదుటనున్నవారు పరాయివారైన యీ లెక్క మాకు విచిత్రముగ దోచెను. ఇంటిపేరు దేనిని చెప్పును, దేనిని చెప్పదు అని నాటినుండి విచారింప మొదలిడితిమి. పిల్ల సంగతి గనుక మా యింటిపేరు మాత్ర మిచట వ్రాయము.

తెలుగువారి యింటిపేరులలో పెక్కు లూళ్ల పేరులే. టంగుటూరు, గురజాడ, బమ్మెర, తాళ్లపాక, ఇవన్నియు గ్రామములు. బాలవ్యాకరణము చదివిన సోదరీమణులకు ఔపవిభక్తికములు జ్ఞప్తియందుండును. ఊరు 'ఊరి' యగును, పాడు 'పాటి' యగును, మర్రు 'మర్తి' యగును. కందుకూరు కందుకూరియు, గరికపాడు గరికపాటియు, నిడమర్రు నిడమర్తియు నైన దట్లే. అనగా నింటిపేరు షష్ఠీవిభక్త్యర్థమున నున్నదన్నమాట. కందుకూరి వీరేశలింగముగా రనగా కందుకూరుయొక్క వీరేశలింగముగారు. మనుష్యునకు ఊరు గాదు, ఊరికి మనుష్యుడు! ఇంటిపేరు మన భాషలో పేరునకు ముందు నిలుచుటకు గల కారణ మిదియే యని మా తలంపు.

అయితే కందుకూరునం దున్నవారి నందరిని కందుకూరివారనిన ప్రయోజన మేమి? ఊరు విడిచి మరియొక యూరు చేరినప్పుడే యా పేరునకు పని గలుగును. అందుచేత నింటిపేరు మన పూర్వు లెచట నుండిరో చెప్పుటకంటె, ఎచటినుండి వెడలిపోయిరో చెప్పును. సర్వేపల్లి నెల్లూరు మండలమునందలి గ్రామము. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1888లో జన్మించినది తిరుత్తణియందు. ఒక యూరినుండి బ్రాహ్మణుడు వెడలవచ్చును, కుమ్మరి వెడలవచ్చును, కాపు వెడలవచ్చును. అందరును ఆ యూరిపేరే మోసికొనిపోవుదురు. కనుక నొకే యింటిపేరు వేరువేరు కులములయందు గానవచ్చుట వింత గాదు. అది ఒక యూరి గుర్తు. ఒక రక్తపు గుర్తు గానక్కరలేదు.

ఊరిపేరులు గాక వేదం, సోమయాజుల, వాజపేయాజుల వంటివి విద్యవలనను యజ్ఞములవలనను వచ్చినవి. కరణం, మజుందారు వంటివి యుద్యోగములవలన వచ్చినవి. భర్తృహరి సుభాషితములను దెనిగించిన ఏనుగు లక్ష్మణకవి పూర్వుల యింటిపేరు పైడిపాటి యనియు, వారిలో నొకరికి రాజు ఏనుగును బహుమానముగ నిచ్చుటచే నా శాఖవారు ఏనుగువారైరనియు జెప్పుదురు. ఇంటిపేరు మారినది గాని తండ్రితాతలు మారలేదు గదా! ఒక పేరునందు పలురక్తము లున్నట్లే, ఒక రక్తమునకు రెండు పేరులు నుండవచ్చును. 1860 మొదలు ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాలు చెరకుతోటలకు కూలికి బోయిన తెలుగువారి సంగతి మరియు చిత్రము. ఓడల జాబితాలలో పేరు, తండ్రి పేరు, కులము, గ్రామము వ్రాసికొనిరి. ఇంటిపేరున కచట తావు లేకపోయెను. నేడచట 'నాయుడు' అను గౌరవవాచకమే వేలకొలది కుటుంబములకు ఇంటిపేరై 'నైడూ' యని పలుకబడుచున్నది.

ఇంటిపేరులు చాల ప్రాచీనములని గర్వించువారు కలరు. రామప్ప దేవాలయమును 1213లో ప్రతిష్ఠించిన రేచెర్ల రుద్రుని పేరు చూచినచో కాకతీయుల కాలమునాటికే యివి వాడుకలో నున్నట్లు స్పష్టము. కాని మనుష్యజాతి వయస్సు ముందర నిది యెంత? హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. పరిశోధకులును అమెరికా శాస్త్రజ్ఞులును గూడి 2009లోను 2013లోను ప్రకటించిన విషయములనుబట్టి, మన దేశమునందలి జనసముదాయములలో మిక్కిలి భాగము రెండు ప్రాచీనజాతుల కలయిక. ఆ కలయిక సుమారు 4,200 సంవత్సరములకు బూర్వము మొదలుకొని 1,900 సంవత్సరములకు బూర్వమువరకు జరిగినది. పిమ్మటనే యెవరిలో వారు వివాహమాడు నలవాటు బిగిసినది. ఏ యింటిపేరును ఆ కాలపు సాక్ష్యము చెప్పజాలదు.

ఇక నాడువారి విషయము. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వ్రాసిన బండారు అచ్చమాంబగారిని (1874–1905) ఎరుగని తెలుగు సోదరి యుండరాదు. ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు నాందియొనర్చిన కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆమెకు స్వయముగ తమ్ముడు. పేరులు ప్రక్కప్రక్కన వ్రాసినచో వీ రొక తల్లి కడుపున బుట్టినవారని యెవరు గ్రహింపగలరు? అక్కగారికి వివాహమగుటతో నా యాధారము తుడిచిపెట్టుకొనిపోయినది. రామాయణము రచించిన మొల్ల మాత్రము తండ్రి కేసన యింటిపేరుతో ఆతుకూరి మొల్లగనే నేటికిని నిలిచియున్నది.

వివాహమైన స్త్రీ యింటిపేరు మార్చుకొనవలెనని నిర్బంధించు చట్టము మన దేశమున లేదు, ఉన్నది ఆచారము. ఆ యాచారమువలని చిక్కు మేమే యనుభవించితిమి. ప్రైవేటుగ వ్రాసిన పదవతరగతి పరీక్షాపత్రమున మా పుట్టినింటి పేరును, తక్కిన కాగితములయందు మెట్టినింటి పేరును నుండుటచే, ఒక కార్యాలయమువారు "ఈ యిద్దరును నొక్కరే యని ప్రమాణపత్రము తెం"డని మమ్ము మూడుమారులు త్రిప్పిరి. మేము మేమే యని ఋజువు చేసికొనుటకు నూరు రూపాయల స్టాంపుకాగితము కావలసివచ్చెను! ఇంతకంటె పెద్దచిక్కు మరియొక తెలుగు సోదరికి గలిగినది. భర్త మరణించిన పిదప నామె మరల వివాహమాడి, బిడ్డకు రెండవ భర్త యింటిపేరు పెట్టగా, మొదటి యత్తమామలు వ్యాజ్యమాడిరి. హైకోర్టువారు పాత యింటిపేరే యుంచుమనిరి. సుప్రీంకోర్టువారు 2022 జులైలో ఆ యుత్తరువును త్రోసివేసి, తండ్రి లేని బిడ్డకు తల్లియే సహజ సంరక్షకురాలు గనుక ఇంటిపేరు నిర్ణయించు నధికార మామెదే యని తీర్పు చెప్పిరి.

ఇంటిపేరు తండ్రినుండి కొడుకునకు నడచును. శరీరమునందును ఆ దారినే నడచు నొక వస్తువు గలదు. మన జీవకణములయందు ఇరువదిమూడు జతల క్రోమోజోము లుండును; ప్రతి జతలోను నొకటి తల్లి యిచ్చినది, ఒకటి తండ్రి యిచ్చినది. మగబిడ్డను మగబిడ్డగ జేయు 'వై' క్రోమోజోము తండ్రినుండి కొడుకునకే, దాదాపు మార్పు లేకయే, సంక్రమించును. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందలి బ్రయన్ సైక్స్ అను శాస్త్రజ్ఞుడు, తన యింటిపేరు గల 48 మంది పురుషుల 'వై' క్రోమోజోములను పరీక్షించి 2000వ సంవత్సరమున ఫలితములు ప్రకటించెను. సైక్ అనగా వారి దేశభాషలో చిన్నవాగు. వాగు లెన్నియో గలవు గనుక ఈ పేరు పలుచోట్ల బుట్టియుండునని యెంచుచుండిరి. చూడగా దాదాపు సగముమంది కొకే గుర్తు గానవచ్చెను. వా రొక మూలపురుషుని సంతతి. తక్కిన సగమునందు పేరున్నది గాని ఆ గుర్తు లేదు. మనలోను దత్తత వచ్చిన బిడ్డకు ఇంటిపేరు, ఆస్తి, పిండప్రదానాధికారము అన్నియు వచ్చును. 'వై' క్రోమోజోము మాత్రము కన్నతండ్రిదే యుండును.

మరి తల్లి నుండి కుమార్తెకు? అందుకును దారి గలదు. కణమునకు శక్తి నొసగు మైటోకాండ్రియా లను వానియందు 16,569 అక్షరములు మాత్రమే గల యొక చిన్నగ్రంథ మున్నది. దీనిని 1981లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు మొదటినుండి తుదివరకు జదివిరి. ఇది తల్లినుండియే బిడ్డలకు వచ్చును. కొడుకునకును వచ్చును గాని యతనితో నాగిపోవును. కుమార్తెయే ముందునకు గొనిపోగలదు. ఈ పత్రమును మనకు మన తల్లి, ఆమెకు ఆమె తల్లి, ఆమెకు మరల నామె తల్లి ఇచ్చుచు వచ్చిరి. మన దేశీయులలో సగమునకు మించినవారు 'ఎం' అను నొక్క తల్లి శాఖకు జేరినవారట.

ఈ వరుసకు మనలో పేరు లేదు. తద్దినమునాడు తర్పణము విడుచునప్పుడు మేము చెవియొగ్గి వింటిమి. తండ్రి, తాత, ముత్తాత. తల్లి, నాయనమ్మ, తాతగారి తల్లి. పిమ్మట మాతామహవర్గము. అందు మాతామహికి తరువాత వచ్చునది మాతుఃపితామహి, అనగా తల్లికి నాయనమ్మ. తల్లికి అమ్మమ్మ యందు లేదు! కడుపునుండి కడుపునకు వచ్చిన వరుస అమ్మమ్మతోనే తెగిపోవుచున్నది. ఒకప్పుడు గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి యని మన రాజులు తల్లి గోత్రనామముతో శాసనములు వేయించుకొనిరి. అవియు తల్లికి ఆమె తండ్రివలన వచ్చిన పేరులే.

ఇప్పుడు మేనరికమునకు వత్తము. ఇది దాక్షిణాత్యుల యాచారమని బౌధాయనుడే చెప్పియున్నాడు. మూడవ శతాబ్దమున నాగార్జునకొండ నేలిన ఇక్ష్వాకు వీరపురుషదత్తుడు తన మేనత్త హమ్మసిరి కుమార్తెలను వివాహమాడినట్లు శాసనములు చెప్పుచున్నవి. అన్నదమ్ముల బిడ్డలు తోబుట్టువులు, అన్నాచెల్లెండ్ర బిడ్డలు వరుసైనవారు అని మన లెక్క. కాని జన్యువుల లెక్కలో నీ రెండు జతలకును భేదము లేదు. ఇరువురకును తాతబామ్మలనుండి వచ్చిన సమానభాగము ఎనిమిదింట నొకటి. అక్కకూతును బెండ్లాడినచో నాలుగింట నొకటి. ఒక లోపము గల జన్యువు కుటుంబమున నున్నచో, అది తల్లినుండియు తండ్రినుండియు రెండుమారులు బిడ్డకు జేరిననే రోగముగ బయటపడు వ్యాధులు గలవు. సమానభాగ మెంత యెక్కువయైన, ఆ భయ మంత యెక్కువ. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డు నగరమున పదునొకండు వేలకు మించిన శిశువులను జూచి 2013లో ప్రకటించిన పరిశోధనలో, పుట్టుకతో వచ్చు లోపములు సామాన్యముగ నూటికి మువ్వుర కుండగా, పినతండ్రి, మేనత్త బిడ్డల వంటి వారి వివాహములయందు నూటి కార్గురకు గనిపించినవి. నూటికి తొంబదినలుగురు ఆరోగ్యవంతులే యనుటయు న్యాయము. 1955 నాటి హిందూ వివాహచట్టము ఇట్టి సంబంధములను నిషేధించుచునే, ఆచార మున్నచోట విడిచిపెట్టినది.

ఇదంతయు వదినెగారితో మెల్లగ జెప్పితిమి. "నేను మేనమామ కొడుకును జేసికొనలేదా? మా పిల్లల కేమైనది?" అనిరి. నిజమే, పిల్లలు వజ్రములవంటివారు. కాని ఆ మాటయే మమ్ము మరింత భయపెట్టినది. ఒకమారు మేనరికమైన యింట మరల మేనరిక మనగా ఎనిమిదింట నొకటి యను లెక్క యచట నాగదు. వదినెగారికి కోపము వచ్చినది. ఇంకను పూర్తిగ చల్లారలేదు. మా బావగారు ఓరుగంటివారికి ఫోనుచేసి గోత్ర మడిగిరి. అది వేరుగనే యున్నది. పిల్ల మాత్రము, ఉద్యోగము వచ్చువరకు ఏ సంబంధమును వలదని కూర్చున్నది.

ఆమెకు మా మాటలలో పట్టుబడినది వేరొకటి. వాళ్ల యమ్మమ్మగారు వచ్చినప్పుడు కాగితము పట్టుకొని ప్రక్కన గూర్చుండి, తల్లి, ఆమె తల్లి, ఆమె తల్లి యని వ్రాయించుకొన్నది. ప్రతి పేరునకు ముందు రెండింటిపేరులు, పుట్టినింటిదియు మెట్టినింటిదియు. నాలుగు పేరులు వచ్చినవి. అయిదవ యామె పేరు అమ్మమ్మగారికి జ్ఞప్తికి రాలేదు. ఆమెను కొల్లిపరనుండి కోడలిగ దెచ్చుకొనిరట. ఇంట చిన్నలు పెద్దలు అందరును 'కొల్లిపరమ్మ' యనియే పిలుచువారట. పిల్ల యా పేరే వ్రాసికొన్నది.